మెదడులో నివురుగప్పిన నిప్పు

నల్లగొండ సీమలో ఎవరైనను కాలీడ్చి నడచుచు కనబడినయెడల, చూచినవారు మొదట శంకించునది నీటినే. మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి ప్రాంతములలో రాతిపొరల నుండి బోరుబావులలోనికి ఊరిన ఫ్లోరైడు, తరముల తరబడి మనుష్యుల ఎముకలను వంచి, కీళ్లను బిగించి, వెన్నును కొయ్యబార్చిన చరిత్ర ఈ జిల్లావాసులకు ఎవరును చెప్పనక్కరలేనిది. "గీ నీళ్లు తాగీ తాగీ కాళ్లు గిట్లయినయి సారూ" అను మాట దవాఖానా వరండాలలో ఏండ్లకేండ్లుగా వినబడుచునే యున్నది. అది చాలవరకు నిజమును. అయితే బిగుసుకొనిన ప్రతి కాలును నీటికే అంటగట్టు అలవాటు చాటున, కొందరి విషయమున, ముఖ్యముగా ఇరువది నలువదేండ్ల నడిమి వయసు స్త్రీల విషయమున, వేరొక వ్యాధి పేరు లేకయే చిరకాలము దాగియుండుటకు అవకాశము కలదు. ఆ వ్యాధి మల్టిపుల్ స్క్లెరోసిస్. వైద్యులును రోగులును క్లుప్తముగా ఎమ్మెస్ అందురు. దానిని పసిగట్టు ఎమ్మారై యంత్రము ఇటీవలి కాలమున అలవరచుకొనిన ఒక క్రొత్త చూపును గూర్చియే ఈ కథనము.

నీటి సంగతి ముందుగా చెప్పి సాగుట న్యాయము. 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నలునందు సిద్దిఖీ అను వైద్యుడు నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్‌ను, అనగా ఫ్లోరైడు వలని ఈ వ్యాధిని గూర్చి ప్రకటించిన వ్యాసము ఈ ప్రాంతపు పేరును ప్రపంచ వైద్యవాఙ్మయమున కెక్కించినది. పిదప నాగపూరులోని నీరీ పరిశోధన సంస్థ, పటికయు సున్నమును బ్లీచింగు పౌడరును కలిపి నీటినుండి ఫ్లోరైడును విడదీయు విధానము నొకదానిని 1970 దశకమున రూపొందించి దానికి నల్లగొండ పద్ధతియని పేరిడగా, ఒకే ఊరి పేరు జబ్బుతోను దాని నివారణతోను కూడ ముడివడిన విచిత్రము సంభవించినది. హైదరాబాదు నాడీశస్త్రవైద్యులలో అగ్రగణ్యులును, ప్రాచీన నాణెముల పరిశోధకులుగా కూడ పేరొందినవారును అగు డాక్టరు డి. రాజారెడ్డి, ఫ్లోరోసిస్ నరముల వ్యవస్థను ఏ విధముగా దెబ్బతీయునో దశాబ్దముల తరబడి పరిశీలించి వ్రాసిరి. వెన్నుపూసలను కలిపి కట్టియుంచు పట్టీలు క్రమముగా ఎముకగా మారి లావెక్కుటచే, వెన్నుపాము సాగు మార్గము ఇరుకై, అది నొక్కుకొనిపోవును. కాళ్లు మొదట బిగిసి, పిమ్మట చచ్చుబడును.

ఎమ్మెస్‌లోను కాళ్లు బిగియును, నడక తడబడును, మూత్రముపై అదుపు తప్పును. బయటినుండి చూచువానికి ఈ పోలిక మోసము చేయునంతటిది. లోపలి సంగతి మాత్రము పూర్తిగా వేరు: ఫ్లోరోసిస్‌లో ఎముక వెలుపలినుండి వెన్నుపామును నొక్కుచున్నది, ఎమ్మెస్‌లో శరీరమును కాపాడవలసిన రక్షక కణములే లోనికి జొరబడి నరముల పైపొరను కొరుకుచున్నవి. మొదటిదానికి అవసరమైనచో శస్త్రచికిత్స. రెండవదానికి రక్షకశక్తికి కళ్లెము వేయు మందులు. ఒకదానికి చేయవలసిన వైద్యము మరియొకదానికి చేసినయెడల జరుగునది కాలహరణమే, కొండొకచో అంతకు మించిన అపకారమును. కృష్ణాజలములు గొట్టముల ద్వారా గ్రామగ్రామమునకు చేరుచున్న ఈ దినములలో, ఫ్లోరోసిస్ నీడ వెనుకంజ వేయుచున్నకొలది, ఆ నీడలో ఇంతకాలము కనబడకపోయిన జబ్బులను వెదకి చూడవలసిన బాధ్యత వైద్యులమీద పెరుగుచున్నదని నా అభిప్రాయము.

మెదడునుండి కాలివ్రేళ్ల కొనలవరకు ఆజ్ఞలు మోసికొనిపోవు నరతంతువులమీద మయెలిన్ అను క్రొవ్వుపొర యొకటి చుట్టుకొనియుండును. ఆ పొర సరిగా నున్నంతవరకు వార్త క్షణములో చేరును. పొర చెడినచోట వార్త మందగించును, లేదా నడుమనే ఆగిపోవును. ఎమ్మెస్ ఈ పొరను మెదడులో నొకచోట, వెన్నుపాములో నొకచోట, కంటినరమున నింకొకచోట, ఒకమారు నేడు, మరియొకమారు రెండేండ్లకు, ఇట్లు వేర్వేరు తావులందు వేర్వేరు కాలములందు చెరుపుచు పోవును. 1868లో పారిస్ నగరపు సాల్పెట్రియేర్ ఆసుపత్రిలో షార్కో అను మహావైద్యుడు, బ్రదికియుండగా తాను చూచిన రోగుల లక్షణములను, మరణానంతరము వారి మెదళ్లలో గట్టిపడి కనబడిన మచ్చలతో సరిపోల్చి, ఇది ప్రత్యేక వ్యాధియని నిరూపించెను. రోగి చనిపోయిన పిదప గాని ఆ మచ్చలు కంటబడని కాలము మరి నూరేండ్లకు పైగా సాగినది.

ఈ వ్యాధి లక్షణములలో ఒకటి మన మండుటెండల సీమకు మిక్కిలి సన్నిహితమైనది. పొర చెడిన నరము వేడిమికి ఓర్వలేదు. శరీరపు వేడి కొద్దిగా పెరిగినను, అంతవరకు ఏదో విధమున వార్తను నెట్టుకొనివచ్చుచున్న నరము ఆగిపోవును. ఈ సంగతిని 1890లో ఊట్‌హోఫ్ అను జర్మను నేత్రవైద్యుడు గుర్తించెను. వేడినీళ్ల స్నానము చేసి బయటికి వచ్చిన యువతికి ఒక కన్ను మసకబారి, ఒంటిమీది తడి ఆరి చల్లబడిన తరువాత మరల తేటపడుట, వైశాఖమాసపు ఎండలో దినమంతయు మిరపకాయ లేరిన స్త్రీకి కాళ్లు తేలిపోయి, వేపచెట్టు నీడన కొంతసేపు కూలబడి నీళ్లు త్రాగిన పిదప లేచి నడువగలుగుట, ఇట్టివి ఎమ్మెస్‌లో సాధారణమే. ఎమ్మారై లేని దినములలో కొందరు వైద్యులు రోగిని వేడినీళ్ల తొట్టిలో కూర్చుండబెట్టి లక్షణములు పైకి వచ్చునేమో పరీక్షించెడివారట. ఆ పరీక్ష నేడు ఎవరును చేయరు, ఇంటివద్ద చేసి చూచుకొనరాదు. మన పల్లెలలో ఈ లక్షణమునకు ఎండదెబ్బయనియో నరముల బలహీనతయనియో పేరు పెట్టి, ఆర్‌ఎంపీ డాక్టరు చేత రెండు బలపు సూదులు వేయించుకొని, తగ్గినదని సంతోషించుట పరిపాటి. ఎమ్మెస్ లక్షణములు తొలినాళ్లలో వాటంతట అవియే కొన్ని వారములకు తగ్గుముఖము పట్టు స్వభావము కలవి గనుక, ఆ కీర్తి సూదికి దక్కును. జబ్బు అట్లే యుండును.

ఇది తెల్లవారి జబ్బనియు, చలిదేశముల జబ్బనియు, మనవారికి రాదనియు చిరకాలము వైద్యవిద్యార్థులకు బోధింపబడెను. భారతదేశమున లక్షకు ఇంచుమించు ఒక్కరని పాత అంచనా. బొంబాయి పారసీకులలో మాత్రము ఇది హెచ్చని డాక్టరు సింఘాల్ ఏనాడో చూపిరి. కాని మంగళూరులో డాక్టరు లేఖా పండిత్ బృందము 2014లో ప్రకటించిన సంఖ్య లక్షకు ఎనిమిదిని దాటినది. జబ్బు పెరిగినదా, జబ్బును చూచు కన్ను పెరిగినదా యన్నచో రెండవదానికే నేను మొగ్గుదును. ప్రపంచము మొత్తముమీద 28 లక్షలమంది దీనితో జీవించుచున్నారని 2020 నాటి గణన. వారిలో స్త్రీలు పురుషులకు రెండు రెట్లు.

జబ్బును చూచు ఆ కన్ను ఎట్టిది? మన శరీరమున అధికభాగము నీరు. నీటియందు హైడ్రోజను పరమాణువులు. భూమి అయస్కాంతక్షేత్రముకంటె సుమారు ముప్పదివేల రెట్లు బలమైన అయస్కాంతపు గుహలో మనుష్యుని పరుండబెట్టి, రేడియో తరంగములతో ఆ పరమాణువులను కదలించి, అవి తిరిగి యథాస్థితికి వచ్చునపుడు వెలువరించు సన్నని సంకేతములను పట్టి, గణితము చేత బొమ్మగా మలచుటయే ఎమ్మారై. ఎక్సురే కిరణముల ప్రమేయము లేదు. పాల్ లాటర్‌బర్, పీటర్ మాన్స్‌ఫీల్డులు దీనికై 2003లో నోబెల్ బహుమతి నందుకొనిరి. ఎమ్మెస్ చరిత్రలో దీని ప్రవేశము నాటకీయమైనది. 1981లో లండను హామర్‌స్మిత్ ఆసుపత్రివారు పదిమంది రోగుల మెదళ్లను సీటీ స్కానుతోను, ఈ క్రొత్త యంత్రముతోను చూచిరి. సీటీలో కనబడిన మచ్చలు 19. క్రొత్త యంత్రము వాటికి తోడుగా మరి 112 మచ్చలను చూపెను. షార్కో రోగి మరణించువరకు వేచి చూచినదానిని, వీరు రోగి ఊపిరి పీల్చుచుండగనే చూచిరి.

మన తెలుగునాట ఇట్టి చిత్రములను చదువు విద్యకు గౌరవము తెచ్చినవారిలో కాకర్ల సుబ్బారావుగారిని తలచకుండ ముందునకు పోజాలము. 1925లో కృష్ణాజిల్లా పెదముత్తేవిలో జన్మించి, అమెరికాలో రేడియాలజీ ఆచార్యుడై, అక్కడి తెలుగువారి తానా సంస్థకు తొలి అధ్యక్షుడుగా నుండి, 1980 దశకమున స్వదేశమునకు మరలివచ్చి హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రికి సంచాలకుడై దానికొక రూపము కల్పించిన ఆయన, 2021లో కన్నుమూసిరి. నల్లగొండనుండియు పాలమూరునుండియు నరముల జబ్బుతో బయలుదేరు బీదరోగి నేటికిని పంజగుట్టలో బస్సు దిగి అడుగునది ఆ నిమ్స్ త్రోవనే.

ఎమ్మారై మచ్చలను చూపినదే గాని, ఏ మచ్చ నేటిది, ఏది నిన్నటిది యను ప్రశ్నకు అది ఒంటరిగా జవాబు చెప్పలేకపోయినది. అందుకై గడోలినియం అను లోహపు మందును సిరలోనికి ఎక్కించుట ఆరంభమైనది. క్రొత్తగా రేగిన మచ్చవద్ద రక్తనాళముల గోడలు పలుచబడి మందు వెలికి కారును. ఆ మచ్చ తెల్లగా వెలుగును. కొన్ని వారములు గడచి గోడలు మరల బిగిసినపిదప ఆ వెలుగు ఆరును. ఈ మందులేకయే ఆ వెలుగును ఊహింపవచ్చునా యను విచారమున పనిచేసినవారిలో ఒకరి పేరు వినగానే తెలుగువారికి పరిచితముగా తోచును: అమెరికాలోని హ్యూస్టన్ నగరమునందు టెక్సాస్ విశ్వవిద్యాలయపు వైద్యకేంద్రమున ఎమ్మెస్ ఎమ్మారై పరిశోధనకు దీర్ఘకాలముగా అంకితమైన ఆచార్య పొన్నాడ నారాయణ. ఆయన బృందము 1008 మంది రోగుల స్కానులను కంప్యూటరుకు నేర్పి, మందెక్కింపని చిత్రములనుండియే క్రొత్త మచ్చలను గుర్తించు ప్రయత్నము చేసి 2020లో ఫలితములు ప్రకటించెను. గుర్తింపు నాలుగింట మూడుపాళ్లకు అటునిటుగా నిలిచినది. ఆసుపత్రి వాడుకకు అది చాలదు గాని, త్రోవ చూపుటకు చాలును.

ఇంతవరకు కథ సుఖముగనే సాగినది. వెలుగు మచ్చలను లెక్కించుట, వాటిని ఆర్పు మందులను కనుగొనుట, మరల స్కాను తీసి వెలుగు లేదని తృప్తి చెందుట. కాని ఒక చిక్కు మిగిలినది. లక్షణములు హఠాత్తుగా రేగు దాడులు ఆగిపోయిన రోగులు, స్కానులో ఒక్క వెలుగు మచ్చయు లేని రోగులు, సంవత్సరము వెంట సంవత్సరము కొద్దికొద్దిగా దిగజారుచుండిరి. ఈ యేట మెట్లు ఎక్కినవారికి మరుసటి యేట చేతికర్ర, ఆపై చక్రముల కుర్చీ. రిపోర్టులో మాత్రము క్రొత్తదేమియు లేదని వ్రాసియుండెను. మంటలు లేనిచోట కాలుచున్నదేమి?

శవపరీక్షలు చేయు శాస్త్రజ్ఞులకు జవాబు కొంత తెలిసియే యున్నది. పాత మచ్చలలో కొన్ని చల్లారి మానిపోవును. మరికొన్ని నడుమ చల్లారినను అంచున నివురుగప్పిన నిప్పువలె రగులుచు, వెలుపలికి మెల్లగా వ్యాపించుచుండును. రక్తనాళపు గోడ అప్పటికి మూతపడియుండును గనుక గడోలినియం అచ్చటికి చేరదు. అందుచే ఆ నిప్పు స్కానుకు అదృశ్యము. దానిని బ్రతికియున్న మనిషిలో చూపించుటకు ఆధారమైనది ఇనుము. మయెలిన్‌ను నిర్మించు కణములలో ఇనుము సహజముగనే అధికము. పొర కూలినపుడు ఆ ఇనుము బయటబడును. మెదడులోని మైక్రోగ్లియా అను రక్షక కణములు దానిని మ్రింగి, మచ్చ అంచున గుమిగూడి ఏండ్లకొలది అక్కడనే నిలిచియుండును. ఇనుము తన చుట్టుపట్ల అయస్కాంతక్షేత్రమును ఇంచుక కలత పరచు స్వభావము కలది. ఆ కలతనే గ్రహించునట్లు యంత్రమును నడపినయెడల, సాధారణ చిత్రములో అన్ని మచ్చలవలెనే కనబడిన మచ్చకు సన్నని నల్లని అంచు తేలును.

2019 ఆగస్టులో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థకు చెందిన మార్టినా అబ్సింటా, డేనియల్ రైక్ బృందము ప్రకటించిన పరిశోధన ఈ అంచునకు అర్థము కల్పించినది. ఏడు టెస్లాల (టెస్లా అయస్కాంతబలపు కొలత) మహాబలమైన యంత్రముతో 192 మంది రోగులను పరీక్షింపగా, నూటికి 56 మందిలో నల్లయంచు మచ్చ ఒకటియైనను కనబడెను. నాలుగు గాని అంతకు మించి గాని యున్నవారు, అట్టివి లేనివారికంటె చిన్న వయసుననే నడకలోను ఆలోచనలోను వెనుకబడిరి. కొందరి పాత స్కానులను పదేండ్లవరకు వెనుకకు త్రిప్పి చూడగా, అంచులేని మచ్చలు క్రమముగా ముడుచుకొనిపోయినవి. అంచుగలవి అట్లే యుండుటయో పెరుగుటయో జరిగినది. వారు మందులు వాడుచుండినను ఆ అంచులు పోలేదు. దాడులను ఆపు మందులు ఈ నిప్పును అందుకొనుట లేదన్న అనుమానమునకు ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యము అంతవరకు లేకుండెను. 2021లో అదే అబ్సింటా, నేచర్ పత్రికలో, ఆ అంచున ఏయే కణములు ఏమేమి చేయుచున్నవో ఒక్కొక్క కణపు జన్యుభాషను చదివి మరల వివరించెను.

ఈ పరిశోధన ప్రయోగశాలలోనే నిలిచిపోలేదు. ఎమ్మెస్ నిర్ధారణకు ప్రపంచవైద్యులు పాటించు మెక్‌డొనాల్డ్ ప్రమాణములను 2024లో సవరించి, 2025లో లాన్సెట్ న్యూరాలజీలో ప్రకటించినపుడు, ఈ నల్లయంచును, మచ్చ నట్టనడుమ కనబడు సన్నని సిరను కూడ కొన్ని సందర్భములలో నిర్ధారణకు తోడ్పడు గుర్తులుగా స్వీకరించిరి. మన దేశమునకు ఇది పైదేశములకంటె ఎక్కువ ప్రయోజనకరమని నేనందును. ఇక్కడ మెదడులో మచ్చ కనబడినపుడు వైద్యుడు క్షయగడ్డను తలచుకొనవలెను. టేనియా పురుగు తిత్తిని తలచుకొనవలెను. కంటినరమును వెన్నుపామును పట్టు మరియొక సహోదర వ్యాధియగు ఎన్‌ఎమ్‌ఓను తలచుకొనవలెను. ఆ వ్యాధికి ఎమ్మెస్ మందులు కొన్ని హానికరములు. ఇన్ని సందేహముల నడుమ ఒక సిర, ఒక అంచు చూపు దారి విలువైనది.

మందు సంగతి చెప్పక తప్పదు, ఎక్కువ చెప్పుటయు తగదు. మెదడులోనికి చొచ్చుకొనిపోయి మైక్రోగ్లియా కణములను శాంతింపజేయ నుద్దేశింపబడిన టోలెబ్రుటినిబ్ అను మాత్రను, దాడులు లేకయే ముదురుచున్న ఎమ్మెస్ రోగులు 1131 మందిపై పరీక్షించి 2025లో ప్రకటింపగా, వైకల్యము పెరుగు ప్రమాదము నూటికి 31 పాళ్లు తగ్గెను. కొందరికి కాలేయము దెబ్బతినెను. నిప్పును చూచుట అయినది; ఆర్పుట ఇప్పుడిప్పుడే ఆరంభమైనది.

ఇక మన దగ్గరి మాట. జిల్లా పట్టణములోని స్కానింగు సెంటరులో నేడు జరుగునది చూడుడు. మెడలోని పుస్తెలతాడు తీసి అత్త చేతికిచ్చి, బదులుగా పసుపుకొమ్ము కట్టిన దారము మెడలో వేసికొని, కాలిమట్టెలు సబ్బునీటితో ఊడదీసికొని, "కదలొద్దు తల్లీ" అన్న టెక్నీషియను మాటకు తలయూపి, యువతి గుహలోనికి పోవును. ఠకఠకమను చప్పుడు నడుమ అరగంట గడచును. బయటికి వచ్చునపుడు చేతిలో పెద్ద కవరు, అందులో నల్లని ఫిల్ములు, ఒక కాగితము. ఆ అరగంటలో యంత్రము ఏయే చిత్రములు తీసినదో నిర్ణయించినది మాత్రము, వచ్చునపుడు ఆమె తెచ్చిన చీటీయే. దానిపై "మెదడు ఎమ్మారై" అని మాత్రమే యున్నచో సాధారణ చిత్రములే తీయుదురు. ఇనుము కలతను పట్టు చిత్రమునకు మరికొన్ని నిమిషములు పట్టును, దానిని ఎవరో అడుగవలెను. ఏడు టెస్లాల యంత్రము మనకు అందని మాటయే గాని, మూడు టెస్లాల యంత్రములోను ఈ అంచు కనబడునని ఇతర పరిశోధనలు చూపినవి. కొరత యంత్రములదని అందరమును అందుము. నా దృష్టిలో అంతకు మించిన కొరత ఆ చీటీలో నున్నది. కాళ్లు బిగిసిన నల్లగొండ రోగికి నడుము ఎమ్మారై ఒక్కటి తీసి, ఎముక నొక్కుడు లేదని ఇంటికి పంపుటకంటె, మెదడును మెడవెన్నును కూడ ఏకకాలమున చూడుడని వ్రాయుటకు కలమున మరి రెండు బొట్ల సిరా చాలును. మెదడులో కనబడు ప్రతి తెల్లచుక్కయు ఎమ్మెస్ కాదన్న జ్ఞానమును ఆ కలము వెనుక నుండవలెను. వయసు మీరినవారిలోను, రక్తపోటు కలవారిలోను, పార్శ్వపునొప్పి కలవారిలోను చుక్కలు సామాన్యము.

పాఠకులకు కొన్ని మాటలు. ఒక కన్ను నొప్పితో మసకబారి కొన్ని దినములు అట్లేయున్నను, నడుమునుండి క్రిందికి తిమ్మిరి పట్టి విడువకున్నను, మెడ వంచినపుడు వెన్నులో విద్యుత్తు ప్రాకినట్లు తోచినను, తగ్గినది గదా యని ఊరకొనక నరముల డాక్టరును చూడుడు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము తన ఇరువదియొక్క వైకల్యములలో ఎమ్మెస్‌ను పేరు పెట్టి చేర్చినది కావున, రోగులు ధ్రువపత్రమునకు దరఖాస్తు చేసికొనవచ్చును. ఎమ్మెస్ సొసైటీ ఆఫ్ ఇండియాకు హైదరాబాదులోను శాఖ కలదు. అన్నిటికంటె చిన్న మాట చివరిది: స్కాను తీయించినపుడు ఫిల్ములతో తృప్తిపడక సీడీని కూడ అడిగి తీసికొనుడు. ఇనుము అంచును ఫిల్ములో చదువుట కష్టము. మచ్చ పెరిగినదా ముడిచినదా తేల్చుటకు డాక్టరునకు నేటి చిత్రముతోపాటు అయిదేండ్ల క్రిందటి చిత్రము కావలెను. పాతదని దానిని పారవేయకుడు.